బాతుగుడ్ల పెట్టె, బరువైన అడాప్టరు

నక్కమెట్ట సామాన్ల గదికీ, ఇకముందు ఛార్జింగు సామాను పట్టుకుని పడవెక్కబోయే వాళ్ళకీ పోలయ్య రాస్తున్నది.

ముందుగా నా రాతకి మన్నించండి. నాలుగో తరగతిలో ఉండగా మా బడి మీదకి సముద్రం వచ్చింది. ఆ తర్వాత మళ్ళీ పలక పట్టలేదు. అక్షరాలు వంకరగా ఉంటాయి. ఒత్తులు ఎక్కడ పడాలో అక్కడ పడవు. పడవలో కూర్చుని రాసినవి మరీ పాడుగా ఉంటాయి. తప్పులుంటే సరిదిద్దుకుని నిదానంగా చదవండి. గదిలో సామాను తీసుకున్నవాడు ఏ రోజు సంగతి ఆ రోజు రాయాలని మన నియమం. అందుకే రాస్తున్నాను. లేకపోతే రాసే మనిషిని కాను.

మొదటి రోజు. నక్కమెట్ట రేవు.

పొద్దున్నే గదికి వెళ్ళాను. గది చూసుకునే రాములప్పడు రెండు అడాప్టర్లు బల్ల మీద పెట్టాడు. ఒకటి ముళ్ళపంది. అందరం దాన్ని అలాగే పిలుస్తాం. ఇటుకంత బరువు, చుట్టూరా పిన్నులు. సముద్రం మింగకుండా మిగిలిన ఏ మెట్ట సాకెట్టులోనైనా ఏదో ఒక పిన్ను దూరుతుంది. కరెంటుని మన పెట్టెకి తగ్గట్టు మార్చి ఇస్తుంది కూడా. రెండోది ఎండచాప. చుట్టి చంకలో పెట్టుకోవచ్చు. పడవ కప్పు మీద పరిస్తే ఎండ నుంచే ఛార్జింగు వస్తుంది. ఎవరి సాకెట్టుతోనూ పనిలేదు. రెండూ ఇవ్వరు. ఒకటి మెట్టలన్నీ తిరిగే మందుల పడవకి ఉంచాలి.

మా పని ఇది. తాటిమెట్టలో బాతులన్నీ జబ్బుతో చచ్చిపోయాయి. బాతులు లేకపోతే అక్కడి ఉప్పుపీతలు వరి మొక్కని మొదట్లోనే కొరికేస్తాయి. ఈసారి పంట పోతే ఆ మెట్ట మీద ఎవరూ ఉండలేరు. పెద్ద బాతుల్ని పట్టుకెళ్దామంటే జబ్బు భయంతో దారిలో ఏ రేవువాళ్ళూ దిగనివ్వరు. గుడ్లయితే దిగనిస్తారు. తాటిమెట్టలో నాట్లు దగ్గరపడ్డాయి, పొదిగించే పెట్టె లేదు. అందుకని ఇక్కడే మూడు వారాలు పొదిగించి, పిల్లలయ్యే వేళకి అక్కడుండేలా బయల్దేరాం. దారి పొడుగునా పెట్టె వెచ్చగా ఉండాలి. దాని బ్యాటరీ ఒక రాత్రికీ ఇంకొంచెంసేపటికీ వస్తుంది. అంతే.

పడవ మా మరదలు సన్నాసమ్మది. తెడ్డు వేసేది ఆవిడే. ఆవిడ కూతురు గౌరి కాపరం తాటిమెట్టలోనే.

“మావా, బరువైనా ముల్లపందే పట్టుకెల్లు. మబ్బు పడితే సాప సుట్టుకుని ఏటి సేత్తావు?” అన్నాడు రాములప్పడు.

“వారం నుంచీ ఎండ బాగానే కాస్తోంది” అన్నాను.

సన్నాసమ్మ గుమ్మంలోంచి నవ్వింది. “ఎండ కాదు నాయినా సంగతి. సాకెట్టు కావాలంటే ఊరోల్లని నోరిడిసి అడగాల. పెల్లిబంతిలో రెండోసారి పప్పెయ్యమనలేక ఉత్తన్నం తిని లేసొచ్చిన మడిసి మా బావ. ఈయన అడుగుతాడా?”

ఆ పెళ్ళి సంగతి నిజమే. చాప తీసుకున్నాను.

రెండో రోజు. నీళ్ళ మీద.

ఎండ బాగుంది. చాప బాగా పనిచేసింది. పెట్టె మీద పచ్చదీపం. అంటే వేడి, బ్యాటరీ రెండూ సరిగా ఉన్నట్టు. పసుపు వెలిగితే బ్యాటరీ సగమో, అంతకన్న తక్కువో. ఎరుపైతే వేడి తగ్గుతున్నట్టు.

పొద్దునా సాయంత్రం గుడ్లని ఒక్కొక్కటీ పక్కకి తిప్పాను. తడిచేత్తో కాస్త చెమ్మ చూపించాను. ఒకటి టార్చి ముందు పెట్టి చూశాను. లోపల నల్లగా నిండి ఉంది. కదిలింది. సన్నాసమ్మకి చూపిస్తే తెడ్డు ఆపి, “ఓలమ్మ, కాలు తన్నుతంది బావా” అంది. ఇంకోటి కూడా చూపించమంది.

మధ్యాహ్నం పడవని నీళ్ళలోని పాత సెల్ టవరుకి కట్టి అన్నం తిన్నాం. దూరంగా కరెంటు స్తంభాల తలలు వరసగా కనిపిస్తాయి. ఒకప్పుడు ఇచ్ఛాపురం నుంచి కుప్పం దాకా ఒకే ప్లగ్గు పట్టేదని మా అమ్మ చెప్పేది. ఇప్పుడు ఏ మెట్ట కరెంటు ఆ మెట్టదే. ఒకరిది గాలిది, ఒకరిది పోటుది, ఒకరిది పేడ గ్యాసుది. పరాయివాడు వచ్చి లాగేసుకోకుండా ఎవరి పిన్ను ఆకారం వాళ్ళు మార్చుకున్నారు.

మూడో రోజు. గాలిమెట్ట.

పొద్దుటినుంచీ మబ్బు. చాప మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. సాయంత్రం గాలిమెట్ట చేరేసరికి పసుపుదీపం.

రేవు పక్క ఇల్లు శంకర్రావుగారిది. ఆయన మంచివాడు. సన్నాసమ్మ పడవ కడుతుంటే నన్ను చూసి బయటికి వచ్చాడు.

“ఆ పెట్టె సార్జింగా? మా కాడ అడాప్టరుంది. లోపల పెట్టుకుంటారా?”

“అబ్బే, ఎందుకండీ, మీకు శ్రమ” అన్నాను.

“సరే” అని లోపలికి వెళ్ళి తలుపు మూసుకున్నాడు.

నేను అక్కడే నిలబడ్డాను. మన మెట్టలో సాకెట్టు ఇస్తామన్న వాళ్ళకి రెండుసార్లు వద్దనాలి. మూడోసారి వాళ్ళు చెయ్యి పట్టుకుని లాక్కెళ్తారు. అది మర్యాద. ఒక్కసారికే సరే అంటే ఆశపోతనమంటారు. నేను మూడోసారికోసం చూస్తున్నాను. గాలిమెట్టలో రోజంతా గాలి హోరు. ఒకసారి అన్న మాట వినిపించడమే గొప్ప. రెండోసారి అడగడమనే అలవాటే వాళ్ళకి లేదట. వద్దంటే వద్దనే అనుకుంటారు. ఆ సంగతి సన్నాసమ్మ చెప్పింది, అంతా అయిపోయాక.

“మరైతే తలుపు కొట్టు” అంది.

“పడుకున్నారేమో.”

“పొద్దు గుంకనేదు, పడుకోడమేటి? బావా, తలుపు సెక్కది. దానికి సిగ్గు నేదు. కొట్టు.”

కొట్టలేకపోయాను. రేపు ఎండ వస్తుందన్నాను. ఆవిడ నా వైపు ఒక చూపు చూసి, తన రెండో చీర తీసి పెట్టెకి చుట్టింది.

నాలుగో రోజు. కంచరమెట్ట.

వాన. పొద్దుటికే ఎరుపుదీపం.

సన్నాసమ్మ పడవలోని చిన్న పొయ్యి మీద నీళ్ళు కాచి సీసాల్లో పోసింది. వాటిని గుడ్ల వరసల మధ్య పెట్టాను. నడిమివి వెచ్చగానే ఉన్నాయి. బయటి వరసల్లోవి చేతికి చల్లగా తగిలాయి. సీసాలు మార్చుకుంటూ వచ్చాను. పొయ్యిలో బొగ్గు అయిపోయింది. ఆవిడ తెడ్డు ఆపలేదు. తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నానికి కంచరమెట్ట చేరాం. అక్కడంతా పాత తీగలు, పాత మోటార్లు కరిగించి కొత్త సామాను చేసేవాళ్ళే. పెట్టెకి అడాప్టరు కావాలని రేవులో అడిగితే వీరాచారి కొట్టు చూపించారు. నలభై ఏళ్ళ మనిషి. కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని ఉన్నాడు.

“తాతా, అడాప్టరా? ఇదిగో, దీన్ని మించింది లేదు” అని బొటనవేలంతది ఒకటి తీశాడు. మెరుస్తోంది. “జేబులో పడేసుకో. అన్ని సాకెట్లలోనూ దూరుద్ది.”

ముచ్చటగా ఉంది. తీసుకుందామనే అనిపించింది. వానలో తడిసి, ఎరుపుదీపం చూస్తూ, ఏదో ఒకటి పట్టుకుని పరిగెత్తాలని ఉంది. అయినా ఆగాను. నిన్న అడగాల్సింది అడగలేదు. ఇవాళ అన్నీ అడగాలనుకున్నాను.

“బాబూ, ఇది కరెంటు కూడా మారుస్తుందా?”

“పిన్ను మొకం మారుస్తాది తాతా, అంతే. కరెంటు అక్కడెలా ఉంటే అలాగే వస్తాది.”

“ముందు పోటుమెట్ట వెళ్ళాలి. అక్కడ కరెంటు ఎంత?”

“మీ నక్కమెట్టకి రెట్టింపు.”

“అంటే పెట్టె కాలిపోతుంది.”

“ముందు గుడ్లుడుకుతాయి, తరవాత పెట్టె కాల్తాది” అన్నాడు నవ్వుతూ.

“మాకు బాతుపిల్లలు కావాల నాయినా, కూర కాదు” అంది సన్నాసమ్మ.

రెండోది తీశాడు. కరెంటు మారుస్తుంది, పిన్ను మారుతుంది, అరచేతిలో ఇమిడేంతది. “ఎంత సామానుకి తట్టుకుంటుంది?” అని అడిగాను. ఫోనుకి, రేడియోకి అన్నాడు. “ఈ పెట్టెకి పెట్టి చూపించు” అన్నాను. ఆయనకి కాస్త కోపం వచ్చింది, అయినా పెట్టాడు. కాసేపటికి అడాప్టరు మీద చెయ్యి ఆనలేదు. పెట్టె మాత్రం వెచ్చబడలేదు. “తీసెయ్యి బాబూ” అన్నాను.

మూడోది కొట్టు వెనకనుంచి తెచ్చాడు. ఇనుప డబ్బా, ముళ్ళపందికి అన్నలా ఉంది. మోయాలంటే రెండు చేతులూ కావాలి. దానికి పెట్టె తగిలించగానే లోపలి తీగ ఎర్రబడింది. కాసేపటికి వెచ్చదనం తగిలింది.

“దీనికో గుణముంది” అన్నాడు ఆచారి. “వచ్చే కరెంటు మరీ పడిపోతే ఇది ఆగిపోద్ది. బలంగా వచ్చేదాకా మళ్ళీ ఎక్కదు. జబ్బనుకోకు. పెట్టె పాడవకుండా అలా చేస్తాను. కానీ నువ్వు మంచి సాకెట్టు చూసుకోవాలి. ఎవరినైనా అడిగి పెట్టించుకోవాలి. ఎండచాపలాగ దిక్కులేని చోట పనిచెయ్యదు.”

సన్నాసమ్మ నా మొహం చూసింది. నేను డబ్బా మీదనుంచి చెయ్యి తియ్యలేదు.

బదులుగా ఏమిస్తావన్నాడు. మా దగ్గరున్న సామానంతా చూశాడు. ఆయనకి నచ్చింది చాప ఒక్కటే. అది నాది కాదు. మన మెట్టది. రాములప్పడిని అడక్కుండా ఇవ్వకూడదు, అడగడానికి దారి లేదు. ఇచ్చేశాను. ఎందుకిచ్చానో పైన రాసిందంతా అదే. గదిలో చాప లేని లోటు నా మీద రాసుకోండి.

కొట్టు మూసేదాకా పెట్టెని అక్కడే ఉంచుకోమన్నాడు ఆచారి. ఈసారి మొదటి మాటకే “ఉంచుకుంటాను” అన్నాను. కొట్టు మూసే వేళకి పచ్చదీపం వెలిగింది.

అయిదో రోజు. పోటుమెట్ట.

తెల్లారి బయల్దేరి మధ్యాహ్నం దాటాక పోటుమెట్ట చేరాం. అక్కడ పోటు నీళ్ళకి తిరిగే పెద్ద చక్రం ఉంది. ఊరి కరెంటంతా దానిదే. చక్రం చూసేది పైడమ్మ. నా వయసు ఉంటుంది. మోకాలి దాకా నీళ్ళలో నిలబడి నాచు పీకుతోంది.

దారిలో చెప్పాల్సిన మాటలు కూడదీసుకున్నాను. ఒడ్డు మీదనుంచే చెప్పాను. “అమ్మా, నా పేరు పోలయ్య. మీ సాకెట్టు కావాలి. పెట్టెలో బాతుగుడ్లున్నాయి, పిల్లలయ్యే దశలో ఉన్నాయి. రేపు పొద్దుటిదాకా కావాలి.”

“ఎట్టుకో. దానికి అంత గట్టిగా అరుత్తావేటి?” అంది.

అరిచినట్టు నాకు తెలియదు.

చక్రం గదిలో ఇనుప అడాప్టరు పెట్టాను. పిన్ను సరిగ్గా దూరింది. పెట్టె వెచ్చబడింది. పసుపుదీపం వెలిగింది. గుడ్లు చెవి దగ్గర పెట్టుకుంటే లోపల సన్నగా కూత వినబడింది. పిల్ల గుడ్డులోని గాలి అర చించుకుని మొదటిసారి ఊపిరి తీసినప్పుడు అలా కూస్తుంది. ఇంక ఒకటి రెండు రోజుల్లో పెంకు పగలగొడతాయి. ఈ రోజుల్లో చలి తగిలితే మాత్రం నిలవవు.

వంటల వేళకి ‘టప్’మని చప్పుడైంది. అడాప్టరు ఆగిపోయింది.

పైడమ్మ గోడ మీది మీటరు ముల్లు చూసింది. “ఆటు మొదలైంది. సక్రం మెల్లగయ్యింది. దానికి తోడు ఊరంతా కరెంటు పొయ్యిలెట్టేసినారు. పోటు తిరిగేదాకా ఇంతే.”

“పొయ్యిలు ఆపితే?”

“ఆపితే నీ డబ్బాకి సరిపోద్ది. ఎవులాపుతారు? అన్నాలు తినే ఏల.”

బ్యాటరీ అప్పటికి సగం కూడా నిండలేదు, పోటు తిరిగేలోపే అయిపోతుంది. నాలుగో రోజు లాంటిది ఇంకోటి అవి తట్టుకోలేవు. “ఎలా అడగాలి?” అన్నాను.

ఆవిడ గోడకున్న మైకు చూపించింది. పోటు వస్తోందని ఊరికి చెప్పే మైకు అది. ఊరి నాలుగు మూలలా నాలుగు బాకాలు.

“ఇలా తే, నానడుగుతాను” అని సన్నాసమ్మ చెయ్యి చాపింది.

“ఎవులి పని ఆల్లే అడగాల. ఇక్కడ అలాగే. గుడ్లు ఎవులియి?” అంది పైడమ్మ.

“నావి” అన్నాను. మైకు తీసుకున్నాను. నా గొంతు బాకాల్లోంచి నాకే వినబడేసరికి ఒకసారి ఆగిపోయాను. మళ్ళీ మొదలుపెట్టాను.

“నేను నక్కమెట్ట పోలయ్యని. బాతులు కాసేవాడిని. చక్రం గదిలో ఉన్నాను. నా పెట్టెలో తాటిమెట్టకి పోవాల్సిన బాతుగుడ్లున్నాయి. కరెంటు చాలక పెట్టె చల్లారిపోతుంది. పోటు తిరిగేదాకా మీ పొయ్యిలు ఆపండి. మీ అన్నం ఆలస్యమవుతుంది. నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను.”

మైకు దించి ముల్లు వంక చూశాను. ముల్లు కదల్లేదు. కాసేపటికి మెట్ల మీద అడుగులు వినిపించాయి. పది మంది దాకా వచ్చారు. ముందున్నాయన పేరు ఎరకయ్య అని తర్వాత తెలిసింది. చేతిలో గరిట ఇంకా ఉంది.

“ఎవుడయ్యా పొయ్యిలాపమన్నోడు? నా పులుసు సగంలో ఉంది. మీ బాతులు పొదగాలని మేం పస్తుండాలేటి?”

“పస్తు కాదు. పోటు తిరిగేదాకా” అన్నాను.

“తాటిమెట్టోల్లు మాకేటవుతారు? పోయినేడు తెప్పల పందెంలో మా తెప్పని గుద్దీసిన ఎదవలు.”

“గుద్దినోడు తాటిమెట్టోడైతే గుడ్డులో పిల్లేటి సేసింది?” అని సన్నాసమ్మ లేచింది.

“నువ్వెవులివి మద్దిన?”

“ఆ తాటిమెట్టకి కూతుర్నిచ్చుకున్నదాన్ని.”

ఇద్దరూ గొంతు పెంచారు. నేను పెట్టె దగ్గరికి వెళ్ళాను. పెట్టె మూత కొంచెం ఎత్తి, ఒక గుడ్డు తీసి మైకు ముందు పెట్టాను.

కూత నాలుగు బాకాల్లోంచీ వచ్చింది. సన్నగా, ఆగి ఆగి. ఒకటి కూస్తే పెట్టెలోంచి ఇంకోటి బదులు పలికింది. ఎరకయ్య గరిట కిందకి దించాడు. కింద ఇళ్ళలో మాటలు ఆగిపోయాయి. ఎక్కడో పసిపిల్ల ఒకతె ఆ కూత అనుకరించింది. గుడ్డుని చలి తగలకుండా గబుక్కున లోపల పెట్టేశాను.

పైడమ్మ గోడ వంక చూస్తోంది. ముల్లు ఒక గీత లేచింది. ఆగింది. ఇంకో గీత. కిటికీలోంచి చూస్తే ఒక ఇంటి తర్వాత ఒక ఇంట్లో పొయ్యి ఎరుపు ఆరిపోతోంది. ఎరకయ్య ఇల్లు చక్రం గదికి ఎదురుగానే. అదీ ఆరింది.

“నాను ఆపనేదు. మా మనవరాలు పొయ్యి ముందు అడ్డంగా నిలబడిపోయుంటది. దాన్తో ఎవుడు పడతాడు?” అన్నాడు.

అడాప్టరు ‘టక్’మని ఎక్కింది. ఇనుప డబ్బా సన్నగా గుర్రుమంది. నేను దాని పక్కన కూర్చున్నాను.

ఆరో రోజు. పోటుమెట్ట నుంచి.

తర్వాత వెళ్ళేవాళ్ళకి ఇది తెలియాలి. పోటుమెట్టలో ఎవరి పొయ్యి ఆపించామో వాళ్ళింట్లో తినకుండా వెళ్ళకూడదు. తింటేనే కోపం లేదని లెక్క. నిన్న పొయ్యి ఆపింది ఊరంతా. పొద్దున్నే పైడమ్మ ఈ మాట చెబితే పెట్టె వంక చూశాను. “అది సాకెట్టుకే ఉంటాది. నువ్వు తిరుగు” అంది.

ఇంటికో ముద్ద చొప్పున తిన్నాను. చద్దన్నం, అంబలి, ఎండుచేప, ఎరకయ్య ఇంట్లో ఆ పులుసు. చాలన్నా వినరు. నాలుగో వీధికొచ్చేసరికి ఊపిరాడలేదు.

“ఇన్నేల్లూ నోరు మూసుకున్నావు బావా. ఒక్కపాలి తెరిసేసరికి ఊరంతా కలిసి నింపేత్తన్నారు” అని సన్నాసమ్మ గోడకి ఆనుకుని నవ్వింది. ఆవిడ కూడా ప్రతి ఇంట్లో తిన్నది. ఆవిడకేమీ కాలేదు.

ఎరకయ్య పెట్టెని తానే మోసి పడవలో పెట్టాడు. పచ్చదీపం. “ఆ తెప్ప గుద్దినోడు కనబడితే మేం మర్సిపోనేదని సెప్పు” అన్నాడు. చెబుతానన్నాను.

ఈ రోజు నుంచి గుడ్లు తిప్పడం ఆపేశాను. చివరి రోజుల్లో తిప్పకూడదు.

ఏడో రోజు. తాటిమెట్ట.

దారిలోనే మొదటి పెంకు చిట్లింది. సన్నాసమ్మ అప్పటినుంచి పాట పాడినట్టు తెడ్డు వేసింది. రేవులో గౌరి నడుం లోతు నీళ్ళలోకి వచ్చి పడవ పట్టుకుంది.

“ఏటమ్మా ఇంత ఆలీసం? రోజూ రేవుకొచ్చి సూత్తన్నాను.”

“మీ పెదనాన్న ఊరూరా బోయినాలు సేత్తంటే ఆలీసం కాదేటి?” అంది తల్లి. మరుక్షణం కూతురి భుజం మీద తలపెట్టి ఏడ్చింది. గౌరికి ఏమీ అర్థంకాలేదు.

తాటిమెట్ట సాకెట్టులో అడాప్టరు పెట్టాను. సాయంత్రానికి తడితడిగా పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి.

తొమ్మిదో రోజు. తాటిమెట్ట.

ఇంక రావాల్సినవేవీ లేవు. నడిమి వరసలన్నీ పిల్లలయ్యాయి. బయటి వరసలు కాలేదు. టార్చి ముందు పెట్టి ఒక్కొక్కటీ చూశాను. కదలిక లేదు. గాలిమెట్టలో నేనన్న మాటకి పోయినవి అవి. గౌరి వాటిని తీసుకెళ్ళి కొబ్బరిచెట్టు మొదట్లో పాతిపెట్టింది.

బతికినవి సగానికి కాస్త పైన. నేను నడిస్తే వెంటపడుతున్నాయి. ఆగితే కాళ్ళ మీద కూర్చుంటున్నాయి.

పొద్దున మెట్ట పెద్దలు లెక్క చూశారు. ఈ పిల్లలతో పడమటి పొలాలకి సరిపోతుంది. తూర్పు పొలాలకి చాలవు. తూర్పువైపు ఇళ్ళవాళ్ళలో ఒకాయన లేచి వెళ్ళి తన నాగలి పడవలో పెట్టడం మొదలుపెట్టాడు. ఆయన భార్య గిన్నెలు గోనెలో కడుతోంది.

నేను వెనకాలే వెళ్ళాను. పిల్లలు కూడా నా వెంటే వచ్చాయి.

“దించండి. ఇంకో పెట్టె వస్తుంది. తూర్పు పొలాల నాట్లు ఒక్క నెల ఆపండి” అన్నాను.

“ఎవరు పంపుతారు?” అన్నాడాయన.

“మా నక్కమెట్ట.”

“పంపుతామన్నారా?”

“పంపుతారు” అన్నాను.

ఆయన నా మొహంలోకి చూసి, నాగలి దించాడు. సాయంత్రం తూర్పు పొలాల్లో దుక్కి మొదలైంది. ఇది రాస్తుంటే ఎడ్లని అదిలించే కేకలు వినబడుతున్నాయి.

ఇప్పుడు మీకు చెప్పాల్సింది. నేను బయల్దేరిన రోజే మన రెండో పెట్టెలో మన పొలాల కోసం గుడ్లు పెట్టాం. అవి ఇక్కడికి పంపండి. మన పాత బాతులు ఈ ఏటికి సరిపోతాయి. రోజూ వాటిని తోలేవాడిని, తెలిసే చెబుతున్నాను. గుడ్లకి మూడు వారాలు నిండగానే బయల్దేరాలి. ఈ రాత మందుల పడవ మీద పంపుతున్నాను. ఇనుప అడాప్టరు సన్నాసమ్మ తెస్తోంది. రేపు పొద్దున్నే ఆవిడ బయల్దేరుతుంది. గుడ్లు పట్టుకుని తిరిగొచ్చేది కూడా ఆవిడే. పెట్టె దగ్గర కూర్చోడానికి ఒక మనిషిని తోడివ్వండి. బరువని అడాప్టరు వదిలెయ్యకండి. గాలిమెట్టలో శంకర్రావుగారు అడగగానే ఔననండి. పోటుమెట్టకి ఆకలితో వెళ్ళండి.

చాప ఇచ్చేసినందుకు నన్ను ఏమనాలో తర్వాత అనండి. మిమ్మల్ని అడక్కుండా మీ తరఫున మాటిచ్చాను. మొన్నటిదాకా సాకెట్టు అడగలేనివాడిని ఇంత మాట ఎలా ఇచ్చానో నాకూ తెలియదు. ఇచ్చాను. ఇక్కడ దుక్కి అవుతోంది. మందుల పడవ తిరిగొచ్చేటప్పుడు జవాబు రాసి పంపండి. ఎవరు వస్తున్నారో, ఏ రోజు బయల్దేరుతున్నారో రాస్తే చాలు. ఆలస్యం చెయ్యకండి. పడవ కనబడినప్పుడల్లా తూర్పు పొలాలవాళ్ళు పని ఆపి నా వైపు చూస్తున్నారు.

పోలయ్య